పారిస్ నుంచి జ్యూరిక్‌కి నాలుగు గంటలు

ఆ శనివారం ఉదయం కాఫీలు పూర్తయ్యేసరికి జ్ఞానప్రసూన ప్లాన్ ఖాయం చేసేసింది. పారిస్‌లో మూడు రాత్రులు, నాలుగు గంటల రైలు ప్రయాణం, ఆపైన జ్యూరిక్‌లో చెల్లెలింట్లో నాలుగు రాత్రులు. చెల్లెలు గీతాంజలికి పురుడొచ్చి నెలన్నర దాటింది. పుట్టింటివైపు నుంచి ఒక్క మనిషి వెళ్లి ఆ పసివాణ్ణి ఎత్తుకున్న పాపాన పోలేదు. అమెరికాలోని షాంటిలీలో కూర్చుని స్విస్ వీసా అపాయింట్‌మెంట్ కోసం రెండు నెలలు వెబ్‌సైట్‌తో కుస్తీ పట్టింది ఆవిడ. ఇద్దరికీ చెరో ఫైలు సర్దింది. చేసిన పొరపాటల్లా, భర్త పద్మనాభం ఫైలు ఆయన చేతికే ఇవ్వడం.

అపాయింట్‌మెంట్ రోజు కారులో ఆయన తీరిగ్గా చెప్పాడు. "నా రైలు టికెట్ క్యాన్సిల్ చేసేశా, కొత్త ప్లాన్ కాగితాలు నా ఫైల్లో పెట్టేశా. నీది సాయంత్రం చేస్తాలే. నాలుగొందల మైళ్లే కదా, డ్రైవ్ చేసేద్దాం!"

"రైలైతే నాలుగు గంటలండీ!"

"అట్లాంటా దాకా ఆగకుండా డ్రైవ్ చేసినవాణ్ణి, ఇదో లెక్కా? వాట్సాప్ గ్రూప్‌లో పెడితే రఘువీర్ స్ట్రాస్‌బర్గ్‌లో ఓ రాత్రి ఆగమన్నాడు. వాళ్లావిడ కోల్మార్‌లో ఇంకో రాత్రి ఉండమంది. రెండూ దారిలోనే, ఫ్రాన్స్‌లోనే."

జ్ఞానప్రసూనకి అరికాలి మంట నెత్తికెక్కింది. "మరి జ్యూరిక్?"

"రెంటల్ కార్ మళ్లీ పారిస్‌లోనే రిటర్న్ చేయాలట. దానికో రోజు పోతుంది. అయినా జ్యూరిక్‌లో ఒక రాత్రి ఉంటాం కదా!"

"ఒక్క రాత్రా! వాడికి ఓసారి నీళ్లు పోసేలోపే లేచి రావాలా? మీ డ్రైవింగ్ పిచ్చి తగలెయ్య! ఊళ్లోవాళ్లందర్నీ అడిగారు, నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"సర్‌ప్రైజ్ ఇద్దామని..."

వీసా సెంటర్ అంతలోనే వచ్చేసింది. కౌంటర్‌లో అమ్మాయి పద్మనాభం కాగితాలు తిరగేసి, వేళ్ల మీద లెక్కపెట్టింది.

"ఫ్రాన్స్‌లో ఆరు రాత్రులు, స్విట్జర్లాండ్‌లో ఒకటి. రెండు దేశాలకీ ఒకటే వీసా కాబట్టి, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చేయాలి సర్. ఇది ఇక్కడ తీసుకోం," అంటూ ఫైలు వెనక్కి తోసింది.

"పోన్లే, ఫ్రాన్స్‌వాళ్ల అపాయింట్‌మెంట్ చూద్దాం," అని గొణిగాడు పద్మనాభం.

ఇంకో రెండు నెలలు! అప్పటికి పిల్లవాడు బోర్లా కూడా పడతాడు. జ్ఞానప్రసూన పళ్లు కొరుక్కుంటూ తన ఫైలు కౌంటర్ మీద పెట్టింది. అందులో మూడు రాత్రులు, రైలు టికెట్, నాలుగు రాత్రులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ అమ్మాయి రెండు ఫైళ్లనీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరూ కలిసే వెళ్తున్నారా మేడమ్?"

పద్మనాభం అప్పటికే తలూపబోతున్నాడు. ఆవిడ ఆయన వంక ఒక్క చూపు చూసింది.

"లేదు. నేను రైల్లో వెళ్తున్నాను."

మూడో వారానికి ఆవిడ వీసా వచ్చింది. ఎయిర్‌పోర్టు దాకా డ్రైవింగ్ మాత్రం పద్మనాభమే చేశాడు. పదిహేను నిమిషాలు పట్టింది.