ఇంటి మాటలు నేర్చిన యంత్రం

పది గంటలకు కమిటీ. పరిశోధకురాలు పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఒకటికి పదిసార్లు అనుకుంది: కప్పు చూపించాలి, యంత్రం "కప్పు" అనాలి, విభాగాధిపతి సంతకం పెట్టాలి. పెడితే ఇంకో మూడేళ్ళు పరిశోధన. పెట్టకపోతే నెలాఖరుకు యూనివర్సిటీలో గదితో పాటు ఉద్యోగం కూడా ఖాళీ.

ఆ యంత్రం పుస్తకాలు చదివి మాటలు నేర్చింది కాదు. పసిపిల్లల్లాగే ఒకే ఇంట్లో రెండేళ్ళు విని నేర్చుకుంది. పరాయివాళ్ళెవరూ తమ వంటింట్లో మైకు పెట్టనివ్వలేదు కాబట్టి ఆవిడ తన వంటింట్లోనే పెట్టుకుంది. మొదటి వారం అందరూ ఆచితూచి మాట్లాడారు. రెండో వారానికి దాని సంగతే మరిచిపోయారు. ఇంటివాళ్ళ అంగీకారం స్వయంగా వినాలని కమిటీ కోరడంతో, భర్తనూ అత్తగారినీ వెంటబెట్టుకొచ్చింది.

కప్పు చూపించింది. "కప్పు," అంది యంత్రం. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

"ఎక్కడ పెట్టను?" అని అడిగింది.

"నా నెత్తిన పెట్టు."

కమిటీ నవ్వింది. విభాగాధిపతికి హుషారొచ్చింది. "నేనెవరో చెప్పు చూద్దాం?"

ఆయన గొంతు యంత్రానికి కొత్తేమీ కాదు. రెండేళ్ళుగా ఫోను స్పీకరులో వింటూనే ఉంది. "అమ్మో, ఈయనా! స్నానం చేస్తున్నానని చెప్పండి," అంది.

"అదా సంగతి! రోజుకు నాలుగు స్నానాలేమిటా అనుకున్నాను," అన్నాడాయన.

అత్తగారు కోడల్ని కాపాడబోయి, "బాబూ, అది యంత్రం, దానికేం తెలుసు?" అన్నారు. ఆ గొంతు వినగానే యంత్రం నిట్టూర్చింది. "మళ్ళీ మొదలెట్టింది మహాతల్లి."

"నన్నేనా?" అన్నారు అత్తగారు.

"ముందు దాన్ని ఆపేయ్!" అని భర్త లేచాడు.

"వాడి మాట పట్టించుకోకు, ఒట్టి దద్దమ్మ," అంది యంత్రం అచ్చం అత్తగారి ధోరణిలో. వెంటనే కోడలి ధోరణిలో, "నాకు తెలీదా అత్తయ్యా," అని తానే వంత పాడింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకు కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

తీగ పీకేసేసరికి ఆలస్యమైపోయింది. పరిశోధకురాలు మనసులో అప్పుడే గది సర్దుకోవడం మొదలుపెట్టింది.

విభాగాధిపతి పెన్ను తీశాడు. "ఎవరి గురించి ఎవరేమనుకుంటారో కూడా పట్టేసింది! ఇది మాటలు నేర్చుకోవడం కాదమ్మా, మనుషుల్ని నేర్చుకోవడం. మూడేళ్ళు కాదు, అయిదేళ్ళిస్తున్నాను. ఒక్కటే షరతు. మైకు ఆ ఇంట్లోంచి కదలకూడదు."

ఆవిడకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే అనుకున్నాడాయన.

మైకు కదల్లేదు. ఇంట్లో ముగ్గురూ మూడు వేళల్లో తింటున్నారు. కావలసినవి చీటీల మీద రాసుకుంటున్నారు. ఎవరైనా ఒక్క మాట అన్నారేమోనని ఆవిడ రోజూ రికార్డింగంతా వింటుంది. ఆరు నెలల్లో యంత్రం కొత్తగా నేర్చుకున్నది, తలుపు ధడాలున వేసిన చప్పుడు.