సెట్టుకే ఏసినాం

ఓటమిని చిరునవ్వుతో స్వీకరించి, అందుకు కారకులైన వారిని ఒక్కరినీ వదలకుండా ఆత్మపరిశీలన జరుపుతామని ప్రజాసేవా సమితి మాజీ అభ్యర్థి శ్రీ అప్పలసూరి గారు పత్రికాముఖంగా ప్రకటించారు. పత్రికలవాళ్లు ఇద్దరే వచ్చినా, వాళ్లలో ఒకాయన టీ తాగి మధ్యలో లేచి వెళ్లిపోయినా ప్రకటనలోని గాంభీర్యం ఏమీ తగ్గలేదు. ఆత్మపరిశీలన అంటే మామూలు మనుషులు తమ ఆత్మను తాము చూసుకుంటారు. అప్పలసూరి గారిది విశాల హృదయం. ఇతరుల ఆత్మలతో మొదలుపెట్టారు.

ఆ ప్రకటనను టైపు చేసింది సత్యశ్రీ. భీమిలి అవతల పల్లెలో జిల్లా పరిషత్ బడిలో చదువుకుని వచ్చి, రెండేళ్లుగా సమితి ఆఫీసులో టైపు చేస్తోంది. ఆ ఆఫీసులో మాట్లాడనివాళ్లు ఇద్దరే. ఒకటి గోడ గడియారం, రెండు సత్యశ్రీ. గడియారం ఆగిపోయి ఏడాదైంది.

ప్రకటనలో చివరి వాక్యం దగ్గర మాత్రం ఆమె వేళ్లు ఆగాయి. 'పరిశీలన పూర్తయ్యేవరకు కొండవాలు కాలనీకి నీటి ట్యాంకరు నిలిపివేయడమైనది.' సత్యశ్రీ, ఆమె తల్లి సన్యాసమ్మ ఉండేది ఆ కాలనీలోనే. కొండ కింద కుళాయి ఉంది, పొద్దున్న అరగంట వస్తుంది. కుళాయికీ ఇంటికీ మధ్య నూట నలభై మెట్లు. ఎన్నికలకు ఆర్నెల్ల ముందు అప్పలసూరి గారు వెనక మట్టిరోడ్డు మీదుగా రోజూ ట్యాంకరు పంపడం మొదలుపెట్టాక సన్యాసమ్మ మోకాళ్లు కాస్త కుదుటపడ్డాయి. ఫలితాలొచ్చిన సాయంత్రం నుంచి ట్యాంకరు రావడం లేదు. కాలనీ పోలింగు బూతులో అప్పలసూరి గారికి వచ్చిన ఓట్లు సున్నా.

అంత సేవ చేసిన మనిషికి అంత గుండ్రటి సున్నా ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నామినేషన్లయ్యాక ఎన్నికల అధికారి సమితికి టీవీ గుర్తు ఇచ్చారు. ఇంటింటా ఉండేది, అందరూ కళ్లప్పగించి చూసేది, అచ్చం మన నాయకుడిలాగే అని కార్యకర్తలు మురిసిపోయారు. సమితి కార్యదర్శి, అప్పలసూరి గారి బావమరిది తిరుమలరావు అప్పటికప్పుడు 'టీవీ సెట్టు గుర్తుకే మన ఓటు' అని నినాదం కట్టాడు. వార్డులో నలుగురైదుగురు ఇండిపెండెంట్లు కూడా ఉన్నారు. వాళ్లలో ఒకాయన సుందర్ రాజ్, పోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఇంటి ముందున్న బాదం చెట్టును ఎవరో నరికేసి పోతే ఏడు అర్జీలు పెట్టి, ఏడింటికీ జవాబు రాక, ఎనిమిదో అర్జీ బదులు నామినేషన్ వేశారు. గుర్తుగా చెట్టు అడిగితే చెట్టే ఇచ్చారు. ఆ తృప్తితో ఆయన అచ్యుతాపురంలో కూతురు ఫెబా ఇంటికి వెళ్లిపోయారు. ఆయన ప్రచారం అంతటితో సమాప్తం.

అప్పలసూరి గారు అలా ఊరుకునే రకం కాదు. ద్వారకా నగర్‌లో నాయకత్వ లక్షణాలు నేర్పే కోచింగ్ సెంటర్ నుంచి దేవీప్రసాద్ అనే సలహాదారును తెప్పించారు. దేవీప్రసాద్ గారిది ఈ ప్రాంతం కాదు. అందుకే ఇక్కడి లోపాలు ఆయనకు వచ్చిన పూటే కనపడ్డాయి. మొదటిది కళ్లజోడు. అది వయసును బయటపెడుతుందని తీయించేశారు. రెండోది నినాదం. టీవీ అన్నది ఇంగ్లీషు మాట, తెలుగు గడ్డ మీద వద్దని దాన్ని కొట్టేశారు. 'సెట్టు గుర్తుకే మన ఓటు' మిగిలింది. మూడోది నాయకుడి నోరు.

"సార్, మీరు సేప అంటున్నారు. చేప. సీర అంటున్నారు. చీర. నాయకుడు నోరు తెరిస్తే స కాదు, చ రావాలి."

పది రోజులు అద్దం ముందు సాధన జరిగింది. పదకొండో రోజుకు అప్పలసూరి గారి నోట మాట మొదట్లో వచ్చే 'స' అనే అక్షరం సమూలంగా నిర్మూలనమైంది. చేప వచ్చింది, చీర వచ్చింది. వాటి వెనకే చబ్బు, చైకిలు, చోడా కూడా వచ్చాయి. మొదటి సభలో "చోదరులారా, మీ చమస్యలు తీర్చి ప్రజాచేవ చేస్తాను" అని ఆయన గర్జిస్తే జనం చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ల తెలుగు అలాగే ఉంటుందనుకున్నారు.

మైకు ప్రచారం రికార్డింగు రోజున స్టూడియోలో సత్యశ్రీ కూడా ఉంది. నాయకుడు మైకు ముందు కంచుకంఠంతో "చెట్టు గుర్తుకే మన ఓటు" అన్నారు. అప్పుడు ఆమె నోరు విప్పింది, అరుదుగా జరిగే పని.

"సార్, మనది సెట్టు కదండీ."

అప్పలసూరి గారు జాలిగా నవ్వారు. "అదే తగ్గించుకోవాలమ్మా. సెట్టు కాదు, చెట్టు. నాను కూడా మొదట్లో నీలాగే..." అని, నాను అన్నందుకు నాలిక కరుచుకుని, "నేను కూడా" అని దిద్దుకున్నారు.

ఆమె మళ్లీ చెప్పబోయింది. దేవీప్రసాద్ గారు ఆమెకూ ఒక మాటల జాబితా చేతికిచ్చి, రోజుకు ఇరవై సార్లు చదువుకోమన్నారు.

పదకొండు రోజులు నాలుగు ఆటోలు వార్డంతా తిరుగుతూ చెట్టు గుర్తుకే మన ఓటు అని హోరెత్తించాయి. కరపత్రంలో నాయకుడి బొమ్మ పెద్దది కావడంతో గుర్తుకు తపాలా బిళ్లంత చోటే మిగిలింది. దాన్ని చూడాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు. చెవులు చిల్లులు పడేలా చెబుతుంటే చదువుకునేదెవరు?

ఫలితాల్లో సుందర్ రాజ్ గారు రెండు వేల మూడు వందల పైచిలుకు ఓట్లతో నెగ్గారు. పెద్ద పార్టీ ఆయనది రెండో స్థానం. అప్పలసూరి గారికి నూట పదిహేడు.

ఓటమి కారణాల అన్వేషణ కమిటీ మర్నాడే ఏర్పడింది. నిష్పాక్షికత కోసం అప్పలసూరి గారే అధ్యక్షులయ్యారు. సభ్యులు తిరుమలరావు, దేవీప్రసాద్. మినిట్సు రాయడానికి సత్యశ్రీ.

మొదటి సమావేశంలో ఆఫీసు గుమ్మం దిశ మీద, ప్రచారం మొదలైన రోజు నక్షత్రం మీద లోతైన చర్చ జరిగింది. రెండో సమావేశంలో బూతులవారీ పట్టిక తీశారు. ఆ నూట పదిహేడు ఓట్లూ ఒకే చోటివి. మెయిన్ రోడ్డు పక్కన కొత్త అపార్టుమెంట్లు. అక్కడి వాచ్‌మన్ మైకు ఆటోలను లోపలికి రానివ్వలేదు. కిటికీలు బిగించుకుని ఏసీలు వేసుకునేవాళ్లకు నాయకుడి గొంతు వినపడే అవకాశమే లేదు.

తిరుమలరావు పట్టికను కిందికీ పైకీ చూసి, "బావా, మనం పెచారం సెయ్యని కాడే మనకి ఓట్లు పడ్డాయి" అన్నాడు.

ఇందులోని సూక్ష్మాన్ని దేవీప్రసాద్ గారు వెంటనే పట్టుకున్నారు. సుందర్ రాజ్ కూడా ప్రచారం చేయలేదు, నెగ్గాడు. దీన్ని మౌన ప్రచారం అంటారని, వచ్చే ఎన్నికల్లో మనమూ మౌనంగానే ఉండాలని సూచించారు. కమిటీ ఆమోదించింది. అదే పట్టికలో ఇంకో వరుస ఉంది. అప్పలసూరి గారి సొంత వీధి బూతు, ఆయన, భార్య ధనలక్ష్మి గారు, ఇద్దరు కొడుకులు ఓటేసిన బూతు. అక్కడా సున్నాయే. తిరుమలరావు వేలు ఆ వరుస దాకా వచ్చి, మర్యాదగా పక్కకు తప్పుకుని, కింది వరుస మీద వాలింది.

ట్యాంకరు ఆగి ఆరు రోజులైంది. సన్యాసమ్మ నాలుగు మెట్లకోసారి కూర్చుంటోంది. సత్యశ్రీ ఆలోచించి ఆలోచించి ఆ రోజు మినిట్సులో తనంతట తాను ఒక వాక్యం చేర్చింది. 'ప్రచారంలో గుర్తు పేరును ఏ విధంగా పలికారో, ఓటర్లు ఆ విధంగానే ఓటు వేసినట్లు తెలియుచున్నది.'

తిరుమలరావు దాన్ని పైకి చదివాడు. సత్యశ్రీ తలెత్తి నాయకుడి వైపు చూసింది.

"బాగా రాసిందయ్యా పిల్ల," అన్నారు అప్పలసూరి గారు, కళ్లు తుడుచుకుంటూ. "నా ఉచ్చారణకి ఇన్నాళ్లకి ఒకళ్లు విలువిచ్చేరు."

మూడో సమావేశంలో అసలు విషయం తేలింది. గుమ్మం తప్పు లేదు, నక్షత్రం తప్పు లేదు, ఉచ్చారణ తప్పు అసలే లేదు. కాబట్టి ఉన్నది వెన్నుపోటు. కొండవాలు కాలనీవాళ్లు నీళ్లు తాగి ఓటు వెయ్యలేదన్నాడు తిరుమలరావు. ఇంటికొకరు వచ్చి సింహాద్రి అప్పన్న పటం ముందు కర్పూరం వెలిగించి ప్రమాణం చేయాలి. చేస్తే ట్యాంకరు వస్తుంది. ఒక్కరు తడబడినా శాశ్వతంగా ఆగిపోతుంది. కమిటీ ఆదివారానికి ముహూర్తం పెట్టింది.

ఆదివారం పొద్దున్న మెట్లు దిగుతూ సగంలో సన్యాసమ్మ కూలబడింది. ఆమెకు మోకాళ్ల నొప్పి కన్నా దేవుడి భయం ఎక్కువ.

"అప్పన్న ముందర అబద్ధమాడితే కళ్లు పోతాయే. ఆ బాబుకి మన బూతుల ఒక్క ఓటూ నేదంట. నానేటి సెప్పేది?"

"మైకులో ఆయనేటి సెప్పినాడమ్మా?"

"సెట్టుకి ఎయ్యమన్నాడు."

"నువ్వు దేనికేసినావు?"

"సెట్టుకే. నిండుగా, కొమ్మల్తోటి బాగుంది బొమ్మ. దాన్నే నొక్కినాను."

"మరింకేటి, అదే సెప్పు."

సన్యాసమ్మ కూతురి మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత మోకాళ్ల మీద చేతులాన్చి లేచి, మిగతా మెట్లు గబగబా దిగింది. కింద కుళాయి దగ్గర మిగతా ఆడవాళ్లతో ఆమె ఏదో మాట్లాడింది. అందరి మొహాలూ తేటపడ్డాయి.

ఆఫీసు ముందు షామియానా వేశారు. మొత్తం నలభై ముగ్గురు. ఒక్కొక్కరే వచ్చి కర్పూరం హారతి మీద చెయ్యి పెట్టి, అప్పన్న కళ్లలోకి సూటిగా చూస్తూ, "సెట్టుకే ఏసినాను" అన్నారు. ఒక్కరూ తడబడలేదు. వాళ్లలో పుష్పకుమారి తన బైబిలు తనే తెచ్చుకుని, దాని మీద చెయ్యి వేసి అదే మాట అంది. ఇరవయ్యో మనిషి దగ్గర అప్పలసూరి గారు చేతులు జోడించారు. ముప్పయ్యో మనిషి దగ్గర తిరుమలరావు అనుమానించినందుకు లెంపలు వేసుకున్నాడు. అంత నిజాయితీ ఆ వార్డు ఎన్నడూ చూసి ఉండదు.

చివర వచ్చింది సన్యాసమ్మ. ప్రమాణం ముగించి చెయ్యి వెనక్కి తీసుకుంది గానీ కదల్లేదు.

"బాబూ, తప్పనుకోకు. తమరి ఈది బూతులో కూడా సున్నాయేనంట. తమరు కూడా ఓ మాట అప్పన్నకి సెప్పీసినారంటే ఈ పిసరు అనుమానం కూడా తీరిపోద్ది."

నాయకుడి చేత ప్రమాణమేమిటని తిరుమలరావు లేచాడు. అప్పలసూరి గారు చెయ్యెత్తి అతన్ని కూర్చోబెట్టారు. గొప్పవాళ్లకు పరీక్షలు తప్పవని ఆయనకు తెలుసు. కొత్త కర్పూరం బిళ్ల వెలిగించమన్నారు. కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని, దేవీప్రసాద్ గారి వైపు ఒకసారి చూసి, స్పష్టంగా పలికారు.

"చింహాద్రి అప్పన్న చాక్షిగా, పోలింగు రోజున నేను చెట్టుకే ఓటు వేశాను."

ఆయన వెనకే ధనలక్ష్మి గారు, ఇద్దరు కొడుకులు, చెట్టుకే వేశామని ప్రమాణం చేశారు. జనం చప్పట్లు కొట్టారు. పటంలో అప్పన్న చందనం పూత వెనక నుంచి చూస్తూ ఉండిపోయాడు.

సత్యశ్రీ ఎవరు ఏమంటే అది, అన్నది అన్నట్టు రాసింది. నలభై ముగ్గురి పేర్ల ఎదురుగా 'సెట్టు' అనీ, నాయకుడి కుటుంబం నలుగురి ఎదురుగా 'చెట్టు' అనీ. కాయితం సంతకానికి తీసుకెళ్లింది. అప్పలసూరి గారు దాన్ని చేతి పొడవున దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, మళ్లీ దగ్గరగా పట్టుకున్నారు.

"ఇదేటమ్మా, ఒక దగ్గర ఒకలాగ, ఇంకో దగ్గర ఇంకోలాగ ఉంది? ఇది విజయవాడలో హైకమాండు చూసే రిపోర్టు. మన వార్డు పరువేం కావాలి? అన్నీ చరిదిద్దు. అంతటా చ పెట్టు."

"అంతటానా సార్?"

"అంతటా."

సత్యశ్రీ తెల్ల సిరా సీసా మూత తీసింది. నలభై మూడు చోట్ల ఓపిగ్గా పూసి, ఆరనిచ్చి, నలభై మూడు చోట్ల చ రాసింది. అప్పలసూరి గారు అడుగున పెద్దగా చంతకం చేశారు. వార్డు ఓటర్లు, అభ్యర్థి సకుటుంబంగా ఎవరికి ఓటు వేశారో తెలిపే ఆ రిపోర్టు సాయంత్రం కొరియరులో విజయవాడ వెళ్లిపోయింది.

సోమవారం తెల్లారగానే ట్యాంకరు వచ్చింది. సన్యాసమ్మ రెండు బిందెలు, ఒక బకెట్టు నింపుకుని అరుగు మీద తీరిగ్గా కూర్చుంది. ట్యాంకరు మీద మైకు కూడా కట్టారు. నాయకుడు కృతజ్ఞతలు తెలుపుతూ కొత్తగా రికార్డు చేయించిన ప్రకటన కొండంతా మోగుతోంది. "చెట్టు గుర్తుకు ఓటు వేసిన ప్రతి ఒక్కరికీ పేరు పేరునా ధన్యవాదాలు."

కొత్త కార్పొరేటరు సుందర్ రాజ్ గారు ముందు రోజే అచ్యుతాపురం నుంచి తిరిగి వచ్చారు. తనను ఎవరు గెలిపించారో కనుక్కుందామని పొద్దున్నే కాలనీ వైపు నడుస్తున్నారు. మలుపు దగ్గర ఆగి, ప్రకటన చివరిదాకా విన్నారు. తర్వాత చంకలోని గొడుగు కిందపెట్టి, వెళ్తున్న ట్యాంకరుకు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు.