మట్టెవాడ ఉత్తమ సందర్శకుడు

వరంగల్లుకు నెల రోజుల్లో పదివేల మంది సందర్శకులు వచ్చి తీరాలని మంత్రిగారు మంగళవారం ఉదయం పదకొండు గంటలకు ఆజ్ఞాపించారు. వస్తే బాగుంటుందని అనలేదు. అట్లా అనడానికి ఆయన మామూలు మనిషి కాదు. ఈ గడ్డ మీద పుట్టి, హైదరాబాదులో పెరిగి, అయిదేళ్లకోసారి పుట్టిన గడ్డను మరవకుండా వచ్చి చూసిపోయే మహానుభావుడు. "నా ఊరిని లోకానికి చూపిస్తాను" అని బల్ల గుద్దారు. బల్ల మీది గాజుగ్లాసు కింద పడి పగిలింది. సభ దాన్ని శుభసూచకంగా భావించి చప్పట్లు కొట్టింది.

అది 1977, దసరా వెళ్లిన మరుసటి వారం. సందర్శకులను రప్పించడానికి జిల్లా సందర్శక విభాగం అని ఒకటి వెలిసింది. దానికి రాజేశ్వర్ రావు గారిని స్పెషల్ ఆఫీసరుగా వేశారు. ఆయన అంతకు ముందు రెండేళ్లు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చూసినవారు. టార్గెట్టు నూటికి నూట ఇరవై పూర్తిచేసి, పెళ్లికాని వాళ్లకు కూడా దేశసేవ చేసే భాగ్యం కల్పించిన ఘనత ఆయనది. అంత అనుభవం ఉన్న మనిషి, సందర్శకులు ఒక ఊరికి ఎందుకొస్తారు అని ఆలోచిస్తూ కూర్చోలేదు. పాత రిజిస్టర్లు తెప్పించి, 'ఆపరేషన్' అని ఉన్నచోటల్లా ఎర్ర పెన్సిలుతో కొట్టించి 'సందర్శన' అని రాయించారు. గుమస్తాకు పదిమంది, బడిపంతులుకు అయిదుగురు చొప్పున సందర్శకులను పంచిపెట్టారు. తేలేనివాళ్లకు ఏటూరునాగారం అడవికి బదిలీ.

వరంగల్లులోని మట్టెవాడలో వెంకట్రాజానికి పూజాసామాను దుకాణం ఉంది. కర్పూరం, ఒత్తులు, ఊదుబత్తులు అమ్ముతాడు. పొద్దున్నే భద్రకాళి గుడికి నడిచి వెళ్లి, వచ్చి దుకాణం తెరుస్తాడు. అబద్ధం చెప్పడు. చెప్పాల్సి వస్తే మాట్లాడడం మానేస్తాడు. పక్కింట్లో ఉండే గుమస్తా రాజమల్లు ఒకరోజు దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మామా, జర నాకు సందర్శకుడివి గావాలె."

"అంటే ఏం జెయ్యాలెర అల్లుడా?"

"ఏం లేదు. పొద్దుగాల బస్సుల స్టేషన్ ఘన్‌పూర్ పోవాలె. ఆడ రైలెక్కి వరంగల్‌ల దిగాలె. అంతే."

"ఉన్న ఊరికి వచ్చుడేందిర? నేను ఈడనే ఉంటి గద."

"మామా, తొమ్మిదిమందిని పట్టిన. ఒక్కడు తక్కువున్నడు. నన్ను అడివిల ఏస్తే నా పిల్లలెట్ల?"

పిల్లల మాట వినేసరికి వెంకట్రాజం కరిగిపోయాడు. రాజమల్లు సంచిలోంచి ఫారం తీశాడు. వెంకట్రాజం కళ్లజోడు పెట్టుకుని చదివాడు. 'నేను ఇంట్లోవాళ్లతో సంప్రదించి, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ఈ సందర్శన చేయించుకుంటున్నాను. తర్వాత వచ్చే ఏ ఇబ్బందికీ ప్రభుత్వం బాధ్యురాలు కాదు.'

"చేయించుకునుడేందిర?"

"పాత ఫారం మామా. కాయితం మంచిగున్నదని సారు పారెయ్యనియ్యలె."

స్వస్థలం అన్నచోట వెంకట్రాజం 'వరంగల్లు' అని రాశాడు. రాజమల్లు దాన్ని ఎర్ర పెన్సిలుతో మర్యాదగా కొట్టేసి 'నెక్కొండ' అని దిద్దాడు.

"అబద్ధం గాదా ఇది?"

"నువ్వు నిజమే రాసినవ్ గద మామా. దిద్దింది సర్కారు. నీకేం ఫికర్?"

మరునాడు ఘన్‌పూర్‌లో వెంకట్రాజం లాంటివాళ్లు నాలుగు వందల మంది ప్యాసింజరు రైలెక్కారు. అందులో సగం మంది ఒకే వాడకట్టువాళ్లు. ఎవరినెవరూ గుర్తుపట్టకూడదని ఆదేశం గనుక, కాజీపేట దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. వరంగల్ స్టేషన్లో బ్యాండుమేళం. దిగినవాళ్లకు తలా ఒక బంతిపూల దండ, ఆపరేషన్ల కాలంలో పంచగా మిగిలిన ప్లాస్టిక్ బకెట్టు. దండ వేసుకున్న ప్రతివాడూ రాజేశ్వర్ రావు గారికి ఎదురుగా నిలబడి ఒక మాట చెప్పాలి. "మీ ఊరు చాలా బాగుంది సార్. మళ్ళీ వస్తాం."

వెంకట్రాజం వంతు వచ్చింది. నోరు తెరిచాడు. 'మీ ఊరు' అనడానికి నాలుక తిరగలేదు. చేతులు జోడించి ఊరుకున్నాడు.

"మాట్లాడడేం? విదేశీయుడా?" అని ఆఫీసరుగారు ఆశగా అడిగారు. ఒక్క విదేశీయుడు పదిమంది స్వదేశీయులతో సమానమని ఉత్తర్వు ఉంది. తర్వాత ధోవతి చూసి, నిట్టూర్చి, పక్కకు పంపారు.

స్టేషన్ బయట ఇమాం పాషా హోటలు. దండతో, బకెట్టుతో వస్తున్న వెంకట్రాజాన్ని చూసి ఆయన గల్లా దగ్గర నుంచి లేచాడు.

"ఏం భాయ్, ఎప్పుడొచ్చినవ్?"

"ఎక్కడికి పాషా భాయ్?"

"గదే నేనడుగుతాన."

సాయంత్రం వేయి స్తంభాల గుడి ముందు సభ. మంత్రిగారు మైకు పట్టుకుని, "బయటి నుంచి వచ్చిన సోదరులారా, మా ఊళ్లో మీకు ఏం నచ్చింది? ఒక్కరైనా లేచి చెప్పండి" అన్నారు. నాలుగు వందల మందీ తలలు దించుకున్నారు. రాజమల్లు వెనక నుంచి వెంకట్రాజాన్ని పొడిచాడు. "జర లేవు మామా. నా పానం తియ్యకు."

వెంకట్రాజం లేచాడు. అడిగింది ఏం నచ్చిందని. దానికి అబద్ధం ఆడక్కర్లేదు.

"మే నెల ఎండల ఈ స్తంభానికి వీపు ఆనిచ్చి కూసుంటే, లోపల్నుంచి సల్లదనం వెన్నులకు ఎక్కుతది సార్. ఇంత రాయి ఇన్నేండ్లు ఎండల ఉండి సల్లగెట్లున్నదో నాకు తెల్వది. పొద్దుగాల భద్రకాళి చెరువు కట్ట మీద, నిన్న తిట్టుకున్నోడు ఎదురైతే ఇయ్యాల నమస్తే పెడ్తడు. అమ్మ చూస్తాంది గద, సిగ్గు. ఇమాం పాషా హోటల్ల ఒక్కడివే సగం చాయ్ అడిగితె ఇయ్యడు. మొత్తం పోసి, ఇంకో సగం తాను తాగుతడు. ఈ ఊళ్లె అడ్రస్ అడిగితె ఎవ్వలు చెప్పరు సార్, ఎంబడి వచ్చి ఇల్లు చూపిస్తరు. నల్లా నీళ్లు రెండ్రోజులకొకసారి వస్తయి. వచ్చినింటోళ్లు రానింటికి బిందె పంపుతరు. గందుకే ఎవ్వరం దావతుకు పోయినా, పొద్దుమూకేసరికి ఇంటికాడ ఉంటం."

తలలు దించుకున్న నాలుగు వందల మంది కళ్లు తుడుచుకున్నారు. మంత్రిగారు కూడా రుమాలు తీశారు. ఆఫీసరుగారు ఫారం చూసి ఆయన చెవిలో 'నెక్కొండ' అన్నారు. "చూశారా, నెక్కొండవాడికే నా ఊరి మీద ఇంత ప్రేమ ఉంటే!" అని వెంకట్రాజానికి ఉత్తమ సందర్శకుడు అని బిరుదిచ్చి శాలువా కప్పారు. ఆ ఊపులోనే, సందర్శకుడికి ఆతిథ్యమిచ్చే ప్రతి ఇంటికీ రేషన్ మీద నెలకు రెండు కిలోల చక్కెర అదనంగా ఇస్తామని ప్రకటించారు.

తెల్లవారి పేపర్లో బొమ్మ పడింది. కింద 'నెక్కొండ వాస్తవ్యులు శ్రీ వెంకట్రాజం' అని ఉంది. సోమవారం రేషన్ దుకాణంలో డీలరు కార్డు చూసి, పేపరు చూసి, మళ్లీ కార్డు చూసి, వెంకట్రాజం పేరు మీద గీత గీశాడు. వేరే ఊరివాళ్లకు ఈ ఊళ్లో కోటా ఇవ్వకూడదని రూలు.

వెంకట్రాజానికి చక్కెర పోయిందని బాధ లేదు. తాత పుట్టిన ఊరి కాగితంలో తన పేరు మీద గీత ఉంది. అది లోపల ముల్లులా గుచ్చింది. సందర్శక విభాగానికి పోయాడు. ఆఫీసరుగారి గది ఎక్కడని అడిగితే, వరండాలో కూర్చున్న గుమస్తా తల ఎత్తకుండా వేలితో చూపించాడు. వీళ్లలో ఊరివాళ్లు ఎవరూ లేనట్టుందని వెంకట్రాజం అనుకున్నాడు.

"ఊరివాడివని ఆధారం ఏముంది?" రాజేశ్వర్ రావు గారు అడిగారు.

"రేషన్ కార్డు సార్."

"అందులో నీ పేరు కొట్టేసి ఉంది కదయ్యా."

"కొట్టేసిండ్రనే వచ్చిన సార్."

"ఊరికే కొట్టేయరు. ఊరివాడివి కాదు కాబట్టే కొట్టేసి ఉంటారు."

"నేను గుడికాడ చెప్పిన మాటలు, ఊరోడు గాకపోతే ఎవడు చెప్తడు సార్?"

"అక్కడే పొరబడుతున్నావు. ఊరివాడు ఊరిని పొగిడితే విలువేముంది? 'ఒక సందర్శకుడి హృదయం' అని పుస్తకం వేశాం. మంత్రిగారు అసెంబ్లీలో చదివారు. ఇప్పుడు నువ్వు ఊరివాడివని తేలితే, మంత్రిగారు అబద్ధం చెప్పినట్టు. మంత్రిగారు అబద్ధం చెప్తారా? నువ్వే చెప్పు."

వెంకట్రాజం ఆలోచించాడు. చెప్తారంటే మర్యాద కాదు. చెప్పరంటే నిజం కాదు. చేతులు జోడించి ఊరుకున్నాడు. ఆఫీసరుగారు దాన్ని సమ్మతిగా రాసుకున్నారు.

పోనీ, కాగితంలో ఉన్న ఊళ్లోనైనా పేరు ఉండాలి గదా అని నెక్కొండ పోయాడు. అక్కడి పట్వారీ మంచి మనిషి. చాయ్ తెప్పించాడు. "నువ్వు మా ఊరోడివి కావని ఊరంతా ఎరుకే. కానీ ఎట్లనో వస్తివి. మాక్కూడ రెండు వందల టార్గెట్ ఉన్నది. గిక్కడ సంతకం పెట్టి పో" అన్నాడు.

వెంకట్రాజం సంతకం పెట్టకుండా ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. భార్య కట్టమ్మ నీళ్లిచ్చి అంతా విన్నది.

"అయితే నువ్వు ఈ ఊరోనివి గావు."

"కాదట."

"నా ఇంట్ల ఉంటానవ్."

"మరి ఎక్కడుంట?"

కట్టమ్మ కొంగు నడుముకు చెక్కుకుని పక్కింటికి నడిచింది. "అల్లుడా, మా ఇంట్ల సందర్శకుడున్నడు. రెండు కిలోల చక్కెర ఏది?"

"ఎవరత్తమ్మా?" అన్నాడు రాజమల్లు.

"పేపర్ల బొమ్మ పడ్డడు గద. మా ఇంట్లనే తింటాండు, మా ఇంట్లనే పంటాండు. ఇరువై ఏడేండ్ల సంది మర్యాద చేస్తాన."

రాజమల్లు రూలు చదివాడు. తిప్పి చదివాడు. ఎటు చదివినా చక్కెరకు చీటీ రాసివ్వక తప్పలేదు.

కార్తీక పౌర్ణమికి ఆ చక్కెరతోనే సత్యనారాయణ వ్రతం ప్రసాదం వండారు. అయ్యగారు సంకల్పం చెబుతూ ఊరి పేరు దగ్గర ఆగి, అనుమానంగా యజమాని ముఖం చూశారు. ఆయన కూడా పేపరు చదువుతారు. వెంకట్రాజం తల వంచుకున్నాడు.

"దేవుడు పేపరు చదువడు గనీ, ఎప్పటి లెక్క ఓరుగల్లనే చెప్పుండ్రి," అన్నది కట్టమ్మ.

వెంకట్రాజం తల ఎత్తి అక్షతలు పట్టుకున్నాడు.

ప్రసాదం తిన్న ఆడవాళ్లు చక్కెర సంగతి కూడా తెలుసుకుని పోయారు. పేరు కొట్టేస్తే పోయేది అరకిలో, వచ్చేది రెండు కిలోలు. వారం తిరిగేసరికి మట్టెవాడలో మగవాళ్లంతా ఘన్‌పూర్‌వాళ్లు, నెక్కొండవాళ్లు అయిపోయారు. ఎదురింటి పూలమ్మ తన మొగుడిని ఏకంగా బొంబాయి నుంచి రప్పించింది. గుమస్తాలకు బస్సుల పనీ రైళ్ల పనీ తప్పింది. ఇంటింటికీ పోయి రాసుకుంటే చాలు. పదివేల టార్గెట్టు సంక్రాంతికి ముందే నలభై వేలు దాటింది. రాజమల్లుకు సూపరింటెండెంటుగా ప్రమోషన్ వచ్చింది. "వచ్చినవాళ్లు తిరిగి పోవడం లేదు. అదీ నా ఊరి మహిమ" అని మంత్రిగారు హైదరాబాదులో పత్రికలవాళ్లకు చెప్పారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇంతలో శాసనసభ ఎన్నికలు వచ్చాయి. ఓటర్ల జాబితా తొందరగా సరిచేయాలని, ఆ బాధ్యత కూడా టార్గెట్లలో అందెవేసిన రాజేశ్వర్ రావు గారికే ఇచ్చారు. ఆయన రేషన్ జాబితా ముందు పెట్టుకుని ఓటర్ల జాబితాను మూడు రోజుల్లో శుభ్రం చేశారు.

ఫిబ్రవరి మొదటి వారంలో మంత్రిగారు మట్టెవాడకు కాలినడకన వచ్చారు. మెడలో దండలు, పక్కన ఆఫీసరుగారు, వెనక జాబితాతో రాజమల్లు. మంత్రిగారు నేరుగా పూజాసామాను దుకాణం మెట్లెక్కి వెంకట్రాజం రెండు చేతులూ పట్టుకున్నారు.

"రాజం అన్నా, నన్ను మరిచినవా? నీ ఊరోన్ని. ఈసారి గండం గడవాలె. నీ ఓటు, నీ వాడకట్టు ఓట్లు నాకే పడాలె."

రాజమల్లు దగ్గాడు.

"ఏమయ్యా, ఎన్ని ఓట్లున్నయ్ ఈ వాడల?" మంత్రిగారు వెనక్కి తిరగకుండానే అడిగారు.

"ఇంటికొకటి సార్. ఆడోళ్లది."

"మగవాళ్లవి?"

"అందరు సందర్శకులే సార్," అన్నాడు రాజమల్లు నెమ్మదిగా.

మంత్రిగారు ఆఫీసరుగారి వైపు చూశారు. ఆఫీసరుగారు ఆకాశం వైపు చూశారు.

"ఊరంతటా ఇంతేనా?"

"టార్గెట్టు నూటికి నాలుగు వందలు సార్," అన్నారు ఆఫీసరుగారు.

"వెంటనే ఎక్కించు. ఈయన పేరు ముందు ఎక్కించు."

"గడువు నిన్నటితో అయిపోయింది సార్."

మంత్రిగారి ముఖం మీది నవ్వు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. తలుపు వెనక నిలబడ్డ కట్టమ్మ వైపు తిరిగి, "అక్కా, నీ ఓటన్న..." అన్నారు.

"ఇంట్ల సందర్శకుడున్నడు సారూ. ఆయనకు వండిపెట్టుడుకే సరిపోతాంది. తీరుబాటుంటె వస్త," అన్నది కట్టమ్మ.

మంత్రిగారు వెంకట్రాజం చేతులను ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "అన్నా, కాయితాలు ఎట్లున్నా, నువ్వు ఈ ఊరోడివని నాకెరుక లేదా? గుడికాడ నువ్వు మాట్లాడుతుంటే నాకు ఏడుపొచ్చింది. నీ నోటితోని ఒక్క మంచి మాట అను. జనం వింటాండ్రు."

జనం నిజంగానే వింటున్నారు. ఎదుటి అరుగుల మీద ఘన్‌పూర్‌వాళ్లు, నెక్కొండవాళ్లు, ఒక బొంబాయివాడు నిలబడి చూస్తున్నారు. వెంకట్రాజం మంత్రిగారి పట్టులోంచి తన చేతులు మెల్లగా విడిపించుకున్నాడు. వాటిని జోడించాడు. ఆనాడు స్టేషన్లో నాలుక తిరగని మాట ఇప్పుడు తప్పు లేకుండా పలికాడు.

"మీ ఊరు చాలా బాగుంది సార్. మళ్ళీ వస్తాం."