కుస్కుసు పళ్ళెం ముందు పంచదేశ సంచారి

వినండి! మధ్యధరా సాగరపు ఉప్పుగాలులు గోర్గీజ్ గిరిశిఖరాన్ని ఒరుసుకుని చల్లబడి దిగివచ్చే వేళ, శుక్రవార మధ్యాహ్న ప్రార్థన ముగించుకున్న పురుషసమూహాలు కడుపుల్లో క్షుధాగ్నిజ్వాలలు దాచుకుని ఇళ్ళకు ఉరికే వేళ, ధవళకుడ్యశోభితమైన తెతువాన్ నగరంలో, పాతకోట లోపలి ఇరుకు సందులన్నిటిలోకీ ఇరుకైన సందులో, లల్లా హబీబా గారి ఇంటి నడిమి గదిలో, ఒక గుండ్రటి పొట్టి బల్ల చుట్టూ మహాసంగ్రామానికి రంగం సిద్ధమైంది.

ఆ సంగ్రామ కథానాయకుడు తౌఫీక్. లల్లా హబీబాకు ఒక్కగానొక్క కొడుకు, ముప్పై దాటినవాడు. తుర్కియే, జార్జియా, ఉజ్బెకిస్తాన్, మలేషియా, ఇండోనేషియా దేశాలను పాదాక్రాంతం చేసుకున్న పంచదేశ సంచారి. విమానాశ్రయ భూశయన విశారదుడు. చౌకబారు సత్రాల మత్కుణ మర్దనుడు, అనగా నల్లుల పాలిటి యముడు. రెండేళ్ళు ఊరి మొహం చూడకుండా తిరిగి మొన్ననే ఇల్లు చేరాడు.

ఊరికే చేరలేదు. సత్యాలతో చేరాడు. ఏడు సత్యాలు! మనుషులంతా ఎక్కడైనా ఒక్కటేనన్నది మొదటిది. తెతువాన్ చేపల బజారులో గంటసేపు నిలబడితే ఎవరికైనా ఉచితంగా దొరికే ఈ జ్ఞానరత్నం కోసం మన వీరుడు సగం భూగోళం దాటి, మలేషియాలో మలయ్ వాళ్ళకే వాళ్ళ వంట ఎలా తినాలో బోధించి మరీ వచ్చాడు. ప్రయాణం మనిషికి వినయం నేర్పుతుందన్నది రెండోది. దీన్ని అద్దం ముందు పలికినప్పుడల్లా అతని ఛాతీ రెండంగుళాలు పొంగేది. మిగిలిన అయిదూ ఈ రెండింటి తోబుట్టువులే. జార్జియాలోని త్బిలిసీ నగరంలో ఎదుటి గోడ తప్ప మరేమీ కనిపించని గదిలో, మంచం దిగకుండా, ఫోన్‌లో ఇతర యాత్రికుల ఫోటోలు చూస్తూ గడిపిన నెలల నుంచి మాత్రం ఏ సత్యమూ పుట్టలేదు. ఆ నెలల ఊసు అతను ఎవరితోనూ ఎత్తలేదు.

ఈ సత్యసప్తకాన్ని బంధువర్గం చెవుల్లో ప్రతిష్ఠించాలన్నదే వీరుడి సంకల్పం. అందుకు ఈ శుక్రవారం తప్ప గతి లేదు. రేపు తెల్లవారితే అతను బావగారి పింగాణీ పలకల దుకాణంలో పనికి కుదరాలి. బావగారు, అనగా అక్క ఇహ్సాన్ భర్త ఇజ్జుద్దీన్, విశాలోదరుడు, ఉచ్చైర్ధ్వనికుడు. ఒకసారి ఆయన కింద పలకలు మోయడం మొదలుపెట్టాక తౌఫీక్ మాట ఈ ఇంట్లో ఎవరు వింటారు? వినకపోతే ఆ రెండేళ్ళూ జరగనట్టే కదా!

అంతలో లల్లా హబీబా వచ్చింది. రెండు చేతుల మధ్య పున్నమి చంద్రుడంత మట్టి పళ్ళెం. దానిమీద పర్వతాకారంలో కుస్కుసు, అనగా ఆవిరి మీద ఉడికిన గోధుమరవ్వ. ఆ పర్వతం వాలుల్లో గుమ్మడి ముక్కలు, క్యాబేజీ, శనగలు. శిఖరాన ఎండుద్రాక్షలతో తియ్యగా వేగిన ఉల్లిపాయలు. ప్రతి శుక్రవారం అందరికీ ఆ ఒక్క పళ్ళెమే, ఎవరి వైపుది వాళ్ళదే. బిస్మిల్లా అన్నారు. చెంచాలు ఒరల నుంచి ఖడ్గాల్లా లేచాయి.

తౌఫీక్ గొంతు సవరించుకున్నాడు.

"మనిషి తన ఊరిని వదిలి దూరం వెళ్ళేకొద్దీ..."

"ముందు తినరా," అంది తల్లి. "చల్లారితే గొంతు దిగదు."

ప్రథమాస్త్రం అలా భూమిలో గుచ్చుకుంది. వీరుడు జంకలేదు. నాలుగు చెంచాల విరామమిచ్చి, పార్శ్వం నుంచి దాడికి దిగాడు.

"ఇస్తాంబుల్‌లో నేనున్నప్పుడు..."

"మొదలెట్టాడమ్మా!" ఇహ్సాన్ చెంచా కింద పెట్టి తమ్ముడి గొంతు అనుకరించింది. "ఇస్తాంబుల్‌లో టీ అయితేనా! ఇస్తాంబుల్‌లో పిల్లులైతేనా! పొద్దున్న మనింటి పిల్లికేసి ఎలా చూశాడనుకున్నావ్, దానికి వీసా లేనట్టు!"

బల్ల చుట్టూ నవ్వులు పేలాయి. తౌఫీక్ కూడా నవ్వాడు. నవ్వకపోతే రెండో సత్యం భంగమవుతుంది.

"ఒరేయ్ తౌఫీకూ, వాళ్ళ మాటలు పట్టించుకోకు. ప్రయాణమంటే ఏంటో నాకు తెలుసు," అన్నాడు ఇజ్జుద్దీన్ గంభీరంగా. వీరుడి హృదయం ఆశతో వికసించింది. అయ్యో, అది శత్రువు పన్నిన ఉచ్చు! "నేను మాలగా వెళ్ళినప్పుడు..."

మాలగా! సముద్రానికి అవతలి గట్టున ఉన్న ఊరు! పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోపు చేరే ఊరు! ఇజ్జుద్దీన్ అక్కడికి ఎప్పుడో పలకల ప్రదర్శన చూడడానికి వెళ్ళి మూడు రోజుల్లో తిరిగొచ్చాడు. ఆ మూడు రోజుల్నీ ఈ ఇంట్లో వినని గోడ లేదు.

"గట్టు మీద కూచుని కాళ్ళూపుతున్నానా..."

"షూ జారింది!" అంది లల్లా హబీబా, అప్పుడే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంటూ.

"ఆగత్తయ్యా, చెప్పనీ! జారింది. సముద్రంలో. కొత్త షూ! ఇంక ఆ పూట నుంచీ ఓ కాలికి షూ, ఓ కాలికి హోటలు వాడి చెప్పు. ప్రదర్శనలో సూటు వేసుకున్న పెద్దమనిషి నా కాళ్ళకేసి చూసి, 'ఇది మీ దేశపు ఆచారమా అండీ?' అన్నాడు. అవునన్నాను. ఏమన్నాడో తెలుసా?"

"'గౌరవిస్తున్నాను' అన్నాడు!" ఇహ్సాన్‌కు నవ్వుతో పొలమారింది.

తౌఫీక్ చెంచాతో ఒక గుమ్మడి ముక్కను నలిపేశాడు. అయిదు దేశాలు, ఎన్ని సరిహద్దులు, ఎన్ని రాత్రి బస్సులు! వాటినన్నిటినీ ఒక్క తడి షూ ఓడించేసింది. మూర్ఖులు, కూపస్థమండూకాలు అని లోలోపల వాళ్ళను దులిపాడు. దులుపుతూ దులుపుతూ తన జ్ఞాపకాల మూట తెరిచి, విసరడానికి అలాంటి షూ ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతికాడు. మూటలో సత్యాలున్నాయి. సూర్యాస్తమయాలున్నాయి, లెక్కలేనన్ని. షూ లేదు. రెండేళ్ళపాటు తను జారిపడకుండా, నవ్వులపాలు కాకుండా జాగ్రత్తగా తిరిగాడని అప్పుడు తోచి, వీరుడికి ఒళ్ళు మండిపోయింది.

లేచి నిలబడ్డాడు. ఎడమ చేయి నడుం మీద, కుడి చేతిలో చెంచా. రోషారుణనేత్రుడై, మేఘగంభీర స్వరంతో ప్రకటించాడు.

"ఓ నా బంధువులారా! దిగంతాలను దాటినవాడి హృదయం ఇక పాత గోడల మధ్య ఇమడదు! సమస్త మానవాళి ఒకే వృక్షపు..."

"ఏంట్రా, వార్తలు చదువుతున్నావా?" అంది ఇహ్సాన్.

"కూచో నాయనా, నిలబడి తింటే అరగదు," అంది తల్లి.

"వృక్షమంటే గుర్తొచ్చింది," అన్నాడు ఇజ్జుద్దీన్, "రేపు లారీ వస్తోంది. పాత బట్టలేసుకుని రా. దిగంతాలు దాటిన చొక్కా వద్దు."

సమస్త మానవాళి ఆ చెట్టు మీదే వేలాడుతూ ఉండిపోయింది. తౌఫీక్ కూర్చున్నాడు. పరాజితుడు ఏం చేస్తాడు? మజ్జిగ తాగాడు.

ఆ బల్ల దగ్గర ఇంతవరకూ నోరు విప్పని యోధురాలు ఒకరున్నారు. తౌఫీక్ మేనత్త మన్నానా, ఆ ఇంటికంతటికీ పెద్దది. చెవులు సరిగా వినపడవు గనుక ఈ యుద్ధంలో ఆమెకు ఒక్క గాయమూ కాలేదు; తీరుబాటుగా కుస్కుసును అరచేతిలో ఉండలు చుట్టుకుని తింటోంది. ఇప్పుడు ఒక ఉండ మధ్యలో ఆపి, వినపడనివాళ్ళు మాట్లాడేంత గట్టిగా అడిగింది.

"తౌఫీకూ! అంత దూరాల్లో తిరిగావు గదా, జ్వరమొస్తే నీకు జావ ఎవరు కాచిచ్చారురా?"

మేనత్త అడిగితే మధ్యలో ఎవరూ నోరెత్తరు. బల్ల నిశ్శబ్దమైంది. ఎన్నాళ్ళుగానో వీరుడు కలలుగన్న నిశ్శబ్దం ఇదే! సప్తసత్యాలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ నాలుక చివరికి వచ్చాయి. ఒక్కటీ ఈ ప్రశ్నకు పనికొచ్చేది కాదు. సమర్ఖండ్‌లో మంచు కురిసిన ఆ వారం గుర్తొచ్చింది. నీళ్ళ సీసా మంచం పక్కనే ఉన్నా చేయి చాపే ఓపిక లేకపోవడం గుర్తొచ్చింది. గొంతులోంచి మేఘగాంభీర్యం దిగిపోయింది.

అత్తకు వినపడాలని కాస్త గట్టిగానే చెప్పాడు.

"ఎవరూ ఇవ్వలేదత్తా, గోడవైపు తిరిగి పడుకుని, ఇవాళ శుక్రవారం గదా, పళ్ళెంలో నా వైపుది ఎవరు తింటున్నారో అనుకున్నాను."

ఇహ్సాన్ తల వంచుకుని శనగలు ఏరడం మొదలుపెట్టింది. అందరికంటే ముందు తేరుకున్నది ఇజ్జుద్దీన్.

"నేనేరా," అన్నాడు. ఆ ఉచ్చైర్ధ్వనికుడి గొంతు ఎందుకో తగ్గింది. "ప్రతి వారం. మీ అమ్మ వద్దన్నా విన్లేదు."

మన్నానా అత్త ఏం విన్నదో, ఏం వినలేదో గానీ, శిఖరాన మిగిలిన ఉల్లిపాయలూ ఎండుద్రాక్షలూ మొత్తం వేళ్ళతో తౌఫీక్ వైపుకు తోసేసింది. లల్లా హబీబా మాత్రం భగ్గుమంది.

"జ్వరమా? ఎప్పుడు? ఫోన్లో బ్రహ్మాండంగా ఉన్నానన్నావు గదరా దొంగా!"

జయం! దిక్కులు దద్దరిల్లేలా జయజయధ్వానాలు! పంచదేశాల ధూళి పీల్చి, సప్తసత్యాలను సాధించి, వాటిలో ఒక్కదాన్నీ బయటపెట్టలేకపోయిన తౌఫీక్, ఆ శుక్రవారం మధ్యాహ్నం, సొంత ఇంట, సొంత బంధువుల మధ్య, ఒక వాక్యాన్ని మొదలుపెట్టి, నడుమ ఎవరూ తుంచకుండా, పూర్ణవిరామ సహితంగా ముగించాడు! ఇంతటి దిగ్విజయం ఆ వంశంలో కనీవినీ ఎరుగరు. వీరుడు ఆ ఊపులో రెండో వాక్యానికి నోరు తెరిచాడు.

తెరిచిన నోట్లో వాళ్ళమ్మ క్యాబేజీ కుక్కింది.