పదకొండు వాగ్దానాలు, ఒక తువ్వాలు

గురువారం ఉదయం ఆరున్నరకి కన్యకాపరమేశ్వరి రెండు ఇడ్లీలు తిని, మూడోదాన్ని పళ్ళెంలోనే వదిలేసి, ఆ రోజు కార్యక్రమం భర్తకి మూడోసారి చెప్పింది. ఏడింటికి నానాజీ ఆటో మైకు కట్టుకుని బయల్దేరుతుంది. గవరపాలెం, మెయిన్ రోడ్డు, బెల్లం మార్కెట్టు, అక్కణ్ణించి కశింకోట. దారి పొడవునా ఆవిడ వాగ్దానాలు ఆవిడ గొంతుతోనే వినిపిస్తుంది. పది గంటలకి ఆవిడ మార్కెట్టుకి వెళ్ళి, అప్పటికే వాటిని విని ఉన్న జనంతో చర్చ పెడుతుంది.

చర్చ అనగానే వెంకటరమణమూర్తి ముఖం కొద్దిగా వాడింది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఇంట్లో జరిగిన చర్చలన్నిటిలోనూ ఆయనే ఓడిపోయాడు.

కన్యకాపరమేశ్వరి ఆడపిల్లల కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరైంది. ఇంట్లో ఖాళీగా కూర్చోవడం చేతకాక, అనకాపల్లి అసెంబ్లీకి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. గుర్తు ప్రెషర్ కుక్కరు. బెల్లం వ్యాపారుల ఇంటి కోడలు చెరుకు రైతుల తరఫున నిలబడడమేమిటని బంధువుల్లో సగం మంది మాట్లాడడం మానేశారు. మిగతా సగం మంది మానకుండా మాట్లాడారు. ఆవిడ రెంటినీ పట్టించుకోలేదు. మూడు నెలలు కూర్చుని పదకొండు వాగ్దానాలు రాసింది. చెరుకు తూకం రైతు కళ్ళెదుటే వెయ్యాలి. ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేరున ఉండాలి. మార్కెట్టులో పనిచేసే ఆడవాళ్ళకి మరుగుదొడ్లు కట్టాలి. కూలికెళ్ళే తల్లుల పసిపిల్లల్ని చూసుకునే కేంద్రాలు, లేనివాళ్ళకి పక్కా ఇళ్ళు, కాలవ నీళ్ళు వంతుల వారీగా, ఇలా ఒక్కోదాని వెనకా బోలెడు అధ్యయనం ఉంది.

వాటిని ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర భర్త ఫోనులో రికార్డు చేశారు. పలకరింపు వరకూ ఆవిడే ఫోను ఆన్ చేసుకుని మాట్లాడింది. తరవాత దాన్ని భర్త చేతిలో పెట్టి, "నేను చదివేటప్పుడు ఆన్ చెయ్యండి, ఆపినప్పుడు ఆపండి. అంతే" అంది. ఫోను అప్పటికే ఆన్‌లో ఉన్న సంగతి మూర్తి చూసుకోలేదు. ఆన్ చేద్దామని బటన్ నొక్కాడు. అది ఆగిపోయింది. ఆవిడ రెండు మూడు వాగ్దానాలు చదివి గుక్క తిప్పుకోడానికి ఆగింది. ఆపుదామని ఆయన మళ్ళీ నొక్కాడు. అది మొదలైంది. ఆ వరస చివరి దాకా తప్పలేదు. వాగ్దానానికీ వాగ్దానానికీ మధ్య ఆవిడ మొగుడికి పెట్టిన చివాట్లు మాత్రం ఒక్క అక్షరం పోకుండా రికార్డయ్యాయి. మూర్తి పలకరింపు వరకూ విని, బాగానే ఉందనుకుని, నానాజీకి పంపేశాడు.

కాబట్టి గురువారం ఏడూ పదికి గవరపాలెం ఇది విన్నది:

"అనకాపల్లి అక్కచెల్లెళ్ళకీ అన్నదమ్ములకీ నమస్కారం. నేను మీ కన్యకాపరమేశ్వరిని. నా గుర్తు ప్రెషర్ కుక్కరు. నన్ను గెలిపిస్తే జరగబోయేవి ఇవి." టక్. "మీ అమ్మగారి సంగతి తేల్చండి. ఒక నెల ఇక్కడ, ఒక నెల మీ తమ్ముడి దగ్గర. కొడుకులన్నాక అందరూ సమానమే." టక్. "గురక పెట్టేవాళ్ళు వరండాలో పడుకోవాలి." టక్. "ఆదివారం వంట మీదే. నేను గరిటె ముట్టుకోను." టక్. "తడి తువ్వాలు మంచం మీద పడేస్తే ఇక ఊరుకునేది లేదు." టక్. "విన్నారు కదా? మళ్ళీ మళ్ళీ చెప్పను."

ఆ ఉదయం ఆటో దాన్ని నలభై సార్లు చెప్పింది.

నానాజీకి ఏ అనుమానమూ రాలేదు. ఇరవై ఏళ్ళుగా అన్ని పార్టీల వాగ్దానాలనీ ఆ ఆటోలోనే మోసినవాడు. మొదటిసారిగా ఆయనకి ఒక మేనిఫెస్టో మొత్తం అర్థమైంది.

ఎనిమిదింటికి కన్యకాపరమేశ్వరికి మొదటి ఫోను వచ్చింది. ఎవరో ఆడమనిషి.

"మేడంగారూ, మీరు సెప్పింది బాగున్నాది. మరి మాకు వరండా లేదు కదా. ఏటి సెయ్యమంటారు?"

ఇళ్ళ గురించి అడుగుతోందనుకుని ఆవిడ సంబరపడింది. "వరండా ఒక్కటే ఏటమ్మా, ఇల్లే కట్టిస్తాం. వరండాతో సహా."

"బతికించేరు తల్లీ! మా ఆయన్ని ఇయాలే పక్క సుట్టుకోమంతాను."

ఆ చివరి మాట ఆవిడకి అర్థం కాలేదు గానీ, ఈలోగా రెండో ఫోను మోగింది. మగగొంతు, దిగులుగా ఉంది.

"అమ్మా, మాది కశింకోట పక్కన. నలుగురన్నదమ్ములం. ఎలగ పంచుకోమంటారు?"

కాలవ నీళ్ళ సంగతి ఆవిడకి కొట్టిన పిండి. "వంతుల వారీగా బాబూ. తగువులొద్దు. ఊళ్ళో కమిటీ వేసుకోండి."

"ఎవలికీ అక్కర్లేదంతన్నారండి."

"అక్కర్లేకపోతే ఆపుకోవడం దేనికి? కాలవలోకి వదిలెయ్యండి. కిందివాళ్ళకి పనికొస్తుంది."

"మా అమ్మండి" అని గొణిగి ఆయన ఫోను పెట్టేశాడు. తల్లి మీద ఒట్టేసి మాట్లాడే మనిషి కాబోలని ఆవిడ అనుకుంది.

అదే సమయానికి పెరట్లో మూర్తికి ఎలమంచిలి నుంచి తమ్ముడు సురేష్‌బాబు ఫోను చేశాడు. "ఏటన్నయ్యా ఇది? అమ్మని పంచుకోడం ఇంట్లో మాటాడుకుంటాం గానీ మైకులో పెడతారేటి? ఇక్కడ వాట్సాప్ అంతా అదే!" అంటూ ఆ వీడియో పంపాడు. మూర్తి దాన్ని చెవికి ఆనించుకుని విన్నాడు. తువ్వాలు దాకా వచ్చేసరికి, లోపలికి వినబడకుండా దాన్ని ఆపేశాడు.

భార్యకి చెప్పే ధైర్యం లేక, ఆవిడ వెళ్ళకుండా ఆపుదామని చూశాడు. స్కూటరు స్టార్టవడం లేదన్నాడు. ఆవిడ ఒక్క కిక్కుతో స్టార్టు చేసింది. ఎండగా ఉందన్నాడు. ఆవిడ గొడుగు తీసుకుంది. చివరికి తనకి కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. "అయితే వెనకాల కూర్చోండి, నేను నడుపుతాను" అని ఆవిడే నడిపింది.

బెల్లం మార్కెట్టులో ఇసకేస్తే రాలనంత జనం. ఆడవాళ్ళందరూ ముందుకి తోసుకొచ్చి చప్పట్లు కొడుతున్నారు. మగవాళ్ళు బెల్లం దిమ్మల వెనక చేతులు కట్టుకుని, కోర్టు తీర్పు విన్న ముద్దాయిల్లా నిలబడ్డారు. తన ఆర్థికశాస్త్రానికి ఇంత ఆదరణ ఉంటుందని ఆవిడ ఊహించలేదు. గొంతు సవరించుకుంది.

"ముందు చెరుకు తూకం గురించి చర్చిద్దాం."

దిమ్మలు మోసే కుమారి అనే ఆవిడ చెయ్యెత్తింది. "తూకం తరవాతండి. ఆ తువ్వాలు సంగతి సెప్పండి ముందు. సట్టం వత్తాదా, ఉత్త మాటేనా?"

"తువ్వాలేమిటి?"

సరిగ్గా అప్పుడే కశింకోట నుంచి తిరిగొస్తున్న నానాజీ ఆటో సందు తిరిగి మార్కెట్టులోకి వచ్చింది. కన్యకాపరమేశ్వరి తన గొంతును తానే మొదటి నుంచి చివరి దాకా విన్నది. తరవాత చాలా నెమ్మదిగా భర్త కోసం చూసింది. ఆయన ఒక బెల్లం దిమ్మ నాణ్యతని అతి దగ్గరగా పరీక్షిస్తున్నాడు.

ఆవిడ ఆటో ఆపించి మైకు అందుకుంది. "క్షమించండి. పొరపాటు జరిగింది. ఇవి నా వాగ్దానాలు కావు. ఇవి మా ఇంటి మాటలు. నా అసలు వాగ్దానాలు వేరే ఉన్నాయి."

చప్పట్లు ఆగిపోయాయి.

"అదేటండీ!" అంది కుమారి. "మిగతావోళ్ళు గెలిసేక మాట తప్పుతారు. మీరు ఓట్లు పడకముందే తప్పేత్తన్నారు!"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మగవాళ్ళు ఆ రోజు మొదటిసారి చప్పట్లు కొట్టారు. ఆ రెండు చప్పుళ్ళ మధ్యలోంచి ఎన్నికల తనిఖీ అధికారి త్రినాధరావు, వీడియో తీసే మనిషిని వెంటేసుకుని వచ్చాడు.

"మేడం, మీరు అనుమతి తీసుకున్న కాగితంలో చెరుకు తూకం ఉంది. మైకులో తువ్వాలు వినిపిస్తోంది. వివరణ ఇవ్వాలి."

"మా ఆయన బటన్ తప్పు నొక్కారండీ."

త్రినాధరావు అది రాసుకున్నాడు. "ఇంకో రెండు ఫిర్యాదులున్నాయి. గురక పెట్టేవాళ్ళకి ప్రభుత్వ ఖర్చుతో వరండాలు కట్టిస్తామన్నారట. అది ప్రలోభం కిందికి వస్తుందేమో పైవాళ్ళని అడగాలి. రెండోది, కొడుకులకి అక్కర్లేని తల్లుల్ని కాలవలోకి వదిలెయ్యమన్నారట."

"నేనా!"

"కిందివాళ్ళకి పనికొస్తారని కూడా అన్నారట." ఆయన కలం ఆపి, వీడియో మనిషి అటు తిరిగేదాకా ఆగి, గొంతు తగ్గించాడు. "గురకది ఎప్పట్నించి అమలండీ? మా ఆవిడ కనుక్కోమంది."

ఆవిడ జవాబు చెప్పేలోగా జనం రెండుగా చీలి దారిచ్చారు. ఆ దారిలోంచి తలుపులమ్మ వస్తోంది. మూర్తి తల్లి. ఎనభై ఏళ్ళుంటాయి. రెండు రోజుల కిందట గవరపాలెంలో చెల్లెలింటికి వెళ్ళి, అక్కడ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ తనని నెలకొకరికి పంచుతున్న సంగతి మైకులో విన్నది. మిగతా కాయలు వదిలేసి షేర్ ఆటో ఎక్కింది.

ఎన్నికల్లో ఎవరు గెలిచినా, ఇప్పుడు జరగబోయేదాన్ని చూడకుండా పోకూడదని అందరికీ అనిపించింది. కన్యకాపరమేశ్వరి తల వంచుకుంది.

"అత్తయ్యా, అది..."

"మైకు ఇలగియ్యి."

ఇచ్చింది.

"నాను ఈ పిల్ల అత్తని. పంచుతామన్నారే, ఆ ముసల్దాన్ని నానే" అంది తలుపులమ్మ. మైకు కూతకి ఒకసారి ఉలిక్కిపడి, కొంచెం దూరంగా పట్టుకుంది. "ఈ మాట నాతోటి ఇంట్లో సెప్పలేదు, ఊరందరితోటీ సెప్పేరు. సరే. నానూ ఊరందరితోటే సెప్తాను. నాకు ఎలమంచిలే ఇట్టం. మా సిన్నోడి ఇంటెదురుగా బస్సులాగుతాయి. పొద్దున్న అరుగు మీద కూకుంటే మజ్జాన్నం దాకా మనుసులే. ఇక్కడేటున్నాది? కోడలికి పుస్తకం, కొడుక్కి ఫోను. నాతో పలికేవోడు లేడు. ఎల్తానంటే కోడలు నొచ్చుకుంటాదని ఆరేళ్ళు తన కాడ నోరు మూసుకున్నాను."

కన్యకాపరమేశ్వరి తలెత్తింది. "మీరు నొచ్చుకుంటారనే నేనూ అడగలేదత్తయ్యా. మీకేది ఇష్టమో కనుక్కోమని ఆరేళ్ళుగా మీ అబ్బాయికి చెప్తున్నాను."

"ఎల్తానని నానూ ఈడితోటే సెప్పేను!"

జనమంతా ఒక్కసారిగా బెల్లం దిమ్మ వైపు తిరిగారు.

"ఒరే, నువ్వు మాకిద్దరికీ ఎందుకు సెప్పలేదురా?"

"ఇద్దరూ బాధపడతారని..." అన్నాడు మూర్తి. ఆ వాక్యాన్ని ఎలా ముగించాలో ఆయనకి ఆరేళ్ళుగా తెలియలేదు. ఇప్పుడూ తెలియలేదు.

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. అత్తాకోడళ్ళు మాత్రం నవ్వలేదు. ముసలివాళ్ళ సంక్షేమం మీద ఆరు పేజీలు రాసింది కన్యకాపరమేశ్వరి. పక్కగదిలో ఉన్న ముసలావిణ్ణి ఒక్క మాటా అడగలేదు. ఆవిడ అత్తగారి చెయ్యి పట్టుకుంది. "నెలకోసారైనా వస్తారా?" అంది.

"వత్తాను లే. ముందు ఇది రాసుకో" అంది తలుపులమ్మ. "ముసలోళ్ళు ఎవులింట్లో ఉండాలో ముసలోళ్ళనడగాల. కొడుకుల్ని కాదు."

కన్యకాపరమేశ్వరి త్రినాధరావు చేతిలోంచి కలం తీసుకుని, అనుమతి కాగితం కింద పన్నెండోదిగా అది రాసింది. ఆయన అభ్యంతరం చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పలేదు.

"ఇప్పుడు మిగతా పదకొండూ సదవండి మేడంగారూ, ఇంతాం" అంది కుమారి.

ఆవిడ ఎండలోనే నిలబడి చదివింది. తూకం మాట వచ్చినప్పుడు బెల్లం దిమ్మల వెనకనించి కూడా చప్పట్లు వినిపించాయి. మరుగుదొడ్ల మాట దగ్గర కుమారి కళ్ళు తుడుచుకుంది. గంటన్నర పాటు ఎవరూ కదల్లేదు. అధ్యయనాల వివరాలు వచ్చినప్పుడు మాత్రం కొద్దిగా కదిలారు.

ఆ వీడియో మాకవరపాలెం దాకా పాకింది. పెద్ద పార్టీలు రెండూ దాన్ని చూసి మొదట నవ్వాయి, తరవాత ఖండించాయి, పోలింగుకి వారం ముందు తాము కూడా ఆదివారం వంటకి అనుకూలమేనని ప్రకటించాయి. అప్పటికే ఆలస్యమైంది. నాలుగు వందల పైచిలుకు ఓట్లతో ప్రెషర్ కుక్కరు గెలిచింది. టీవీలో విశ్లేషకులు దీన్ని ఇంటింటి వ్యూహమన్నారు. ముందు జనంలో కుతూహలం రేపి, తరవాత తప్పు ఒప్పుకుని, ఆఖర్న అత్తగారిని దింపడం మామూలు బుర్రకి తట్టేది కాదని తేల్చారు.

ఫలితాలొచ్చిన మూడో రోజు ఉదయం, ఓడిపోయిన పార్టీల్లో ఒకదాని పెద్దమనుషులు ముగ్గురు శాలువా, పళ్ళబుట్ట పట్టుకుని ఇంటికి వచ్చారు. కొత్త ఎమ్మెల్యే తూకం బిల్లు రాసుకుంటూ వాళ్ళని తలెత్తి చూసింది. వాళ్ళు ఆవిడకి నమస్కారం పెట్టి, పక్కనుంచి వెళ్ళి, శాలువా మూర్తికి కప్పారు.

"ఆ రికార్డింగు ప్లాను మీదేనటగా" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. "వచ్చే మునిసిపల్ ఎన్నికలకి మా పార్టీ వ్యూహమంతా మీ చేతిలో పెడదామనుకుంటున్నాం. మీరు ఊఁ అంటే చాలు."

వెంకటరమణమూర్తి శాలువా సర్దుకుని, కాసేపు గంభీరంగా ఆలోచించి, ఇంట్లో అడిగి చెప్తానన్నాడు.