మేస్త్రిగారి జలక్రీడ

ఎండాకాలంలో రెండేళ్ల పిల్లను ఆరుబయట నీళ్లలో ఆడించడాన్ని మించిన విశ్రాంతి ఈ భూమ్మీద లేదు. చల్లదనం కోసం కొండలకూ సముద్రాలకూ టికెట్లు కొనుక్కునేవాళ్లను చూస్తే నాకు జాలి!

నమ్మరా? మొన్న ఆదివారం నేనే అనుభవించాను.

మా మేనకోడలికి రెండు నిండి నాలుగు నెలలు. నడుం మీద చేతులు పెట్టుకుని అందరికీ పని పురమాయిస్తుంది కాబట్టి ఇంట్లో దాన్ని మేస్త్రి అంటాం. ఆ రోజు మా అక్కకు సెలవు రోజున కూడా ఆఫీసు మీటింగ్. "ఒరేయ్, దీన్ని కాసేపు పెరట్లో నీళ్లలో ఆడించరా. నీకూ రిలాక్స్‌గా ఉంటుంది" అని ల్యాప్‌టాప్‌తో గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ముందు రబ్బరు తొట్టి ఊదాలి. పంపు కనబడలేదు. నోటితోనే ఊదాను. ఊపిరితిత్తులకు ఎంత మంచిదో! సగం ఊదేసరికి పట్టపగలే చుక్కలు కనిపించాయి. డబ్బు పెట్టి టెలిస్కోపు ఎందుకండీ?

తర్వాత గొట్టం తొట్టిలో పెట్టి కుళాయి తిప్పాను. ఎండకు కాగి ఉందేమో, టీ పెట్టుకోవచ్చనిపించే నీళ్లు వచ్చాయి. అవి పారబోసి చల్లవి పట్టాను. మేస్త్రిగారు కాలి బొటనవేలు ముంచి తీర్పు చెప్పారు.

"చల్ల! వద్దు."

లోపల్నుంచి కాసిని వేడివి తెచ్చి కలిపాను.

"కాలుద్ది! వద్దు!"

మళ్లీ చల్లవి. మళ్లీ వేడి. ఈ ఓర్పు నేర్పడానికి కంపెనీలు శిక్షణ తరగతులు పెడతాయి. నాకు ఉచితం!

ఎండకు ఒళ్లు కమలకుండా క్రీము రాయబోయాను. సగం ఒంటికి రాసేసరికి చేపపిల్లలా జారి పారిపోయింది. మొక్కల చుట్టూ పరుగెత్తి పట్టుకున్నాను. మళ్లీ జారింది. చివరికి ఆ క్రీమంతా నా చొక్కాకే పట్టింది. నా చొక్కా ఇక జన్మలో కమలదు.

ఇంతా చేశాక మేస్త్రిగారు తొట్టిలో దిగారా? పక్కనున్న బకెట్లో కూర్చున్నారు! అదే నచ్చిందట. నేను లేపబోతే బకెట్ కూడా వెంట వచ్చింది.

అప్పుడే ఫోన్ టింగుమంది. ఫ్యామిలీ గ్రూపు. తలుపు వెనక నుంచి మా అక్క: "ఒక్క ఫొటో పెట్టరా." పిల్ల నాయనమ్మ: "టోపీ పెట్టారా?" మా అత్తయ్య: "జలుబు చేస్తుంది, తీసేయండి." మా బాబాయి: "ఇంకాసేపు ఉంచండి, ఎండ మంచిదే." ఇంతమంది పెద్దలు అండగా ఉంటే ఎంత ధైర్యం! పిల్లను బకెట్‌తో సహా తొట్టి పక్కనే దించి, ఫొటో కోసం ఫోన్ మీద కెమెరా ఎక్కడుందో వెతికాను. అంతే, ఆ కాస్తసేపే.

దబ్బుమని చప్పుడు.

బకెట్ పక్కకు ఒరిగింది. పిల్ల తొట్టిలో బోర్లా పడి ఉంది.

నీళ్లు నా చీలమండ లోతు కూడా లేవు. ఫోన్ ఎటు విసిరానో తెలియదు. రెండు చేతులా పిల్లను ఎత్తి భుజాన వేసుకుని వీపు నిమిరాను. దగ్గింది. నీళ్లు ఉమ్మింది. దాన్ని పట్టుకునే పెరటి గట్టు మీద కూర్చున్నాను. అది నా మొహంలోకి చూసి, "మామా! మళ్లీ!" అంది.

మళ్లీ లేదన్నాను. పిల్ల పెట్టిన కేకకు పక్కింటివాళ్లు బాల్కనీలోకి వచ్చి నన్ను అనుమానంగా చూశారు.

మీటింగ్ ముగించుకుని మా అక్క బయటకొచ్చేసరికి పిల్ల తువ్వాల్లో నా భుజం మీద నిద్రపోతోంది. నేను నిలువునా తడిసి ఉన్నాను.

"నీకేంరా, హాయిగా ఆడుకున్నావు! ఫొటో ఏది?"

ఫోన్ తొట్టి అడుగున ప్లాస్టిక్ బాతు పక్కన విశ్రాంతి తీసుకుంటోంది. జరిగింది చెప్పాను. అక్క మొహం తెల్లబోయింది. పిల్లను నా భుజం మీంచి తీసుకుని గట్టిగా హత్తుకుంది.

కాబట్టి పాఠకులారా, నీళ్లాట వరమే. అయితే ఇంత వరాన్ని ఒక్కణ్ణే అనుభవించడం స్వార్థం కాదూ? అందుకే అక్క ఫోన్ తీసుకుని గ్రూపులో రాశాను: "వచ్చే ఆదివారమూ ఆడిస్తాను. మీలో ఎవరైనా ఒక్కరు వచ్చి పిల్ల పక్కన కూర్చోండి చాలు."

అందరూ చూశారు. టోపీ వాళ్లూ, జలుబు వాళ్లూ, ఎండ మంచిదన్నవాళ్లూ. ఒక్కరూ పలకలేదు.

చాలాసేపటికి బాబాయి నుంచి జవాబు వచ్చింది.

"గుడ్ నైట్."

బయట ఎండ ఇంకా నడినెత్తినే ఉంది.