గుహ పడుచుకు మీసం

మధ్యాహ్నంలోగా లెక్క తేల్చేసి, సెలవు పెట్టి, అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని ఆ ఉదయం ఎముకలమ్మ అనుకుంది. పాత ఎముకల్లోంచి డీఎన్‌ఏ తీసే ఉద్యోగం కాబట్టి తోటివాళ్లు పెట్టిన పేరది. ఇప్పుడు ఆమె చేతికి వచ్చింది గుహలో దొరికిన ఒక పడుచు, చనిపోయి వేల ఏళ్లయింది. కటి ఎముక తీరు చూసి ఆడమనిషేనని డాక్టర్లు ఎప్పుడో తేల్చారు. ఒంటి రంగేమిటో చెప్పడం ఎముకలమ్మ వంతు. అందుకని చెవి లోపలి ఎముకను తొలిచి పొడి చేసింది. ఆ పొడంతా పరీక్షకే అయిపోయింది.

కంప్యూటరు తెర మీద ఫలితం వచ్చింది. ఒంటికి తెలుపునిచ్చే జన్యువు కనిపిస్తోంది! ఆ కాలం మనుషుల్లో అది ఉంటుందని ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. డైరెక్టరు గారికి ఫోను చేసింది.

"సర్, తెల్లగా ఉన్నట్టుంది, కానీ..."

"శభాష్!" అని ఆయన ఫోను పెట్టేశారు. ఆ "కానీ" తర్వాతి మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది.

కాసేపటికే టీవీలో వార్త వచ్చింది. పక్క వీధి మ్యూజియంలో, పుర్రెను బట్టి చేసిన పడుచు బొమ్మకు పాలరంగు పూయడం మొదలుపెట్టారు. ఇంటి నుంచి అమ్మ ఫోను.

"ఏమే, ఆ కాలంలో అందరూ తెల్లగా ఉండేవాళ్లటగా! నేనెప్పుడో అన్నాను, మన అసలు రంగు ఇది కాదు, ఎండకి కమిలిందని."

చిన్నప్పుడు దొరికిన ప్రతి పౌడరూ కూతురి మొహానికి పట్టించి, ఫోటోలు తీసేటప్పుడు మాత్రం వెనక వరుసలోకి తోసింది ఈ అమ్మే.

"ఇంకా ఏమీ తేలలేదమ్మా. అసలు తెలుపు బాగా ఆలస్యంగా వచ్చింది. అంతకు ముందు అందరూ నల్లగానే ఉండేవాళ్లు."

"అందరూనా? మరి ఎవర్ని చూసి ఎవరు మూతి తిప్పుకునేవాళ్లే?"

ఎముకలమ్మ ఫోను పెట్టేసింది. ఫలితాన్ని మళ్లీ మొదటి నుంచి చూడసాగింది. పాత డీఎన్‌ఏ అంటే ముక్కలు ముక్కలై, కొసలు అరిగిపోయి ఉంటుంది. ఇదేమో నిన్న కొన్న బట్టలా నిగనిగలాడుతోంది. పైగా మగవాడిది. డైరెక్టరు గారికి మళ్లీ ఫోను చేసింది.

"సర్, మగవాడి డీఎన్‌ఏ వస్తోంది. ఎక్కడో పొరపాటు..."

"పొరపాటే మరి! ఆ డాక్టర్లకి కళ్లు కనబడవు. ఇప్పుడే మ్యూజియానికి చెబుతాను."

పాలరంగు ఆరకముందే బొమ్మకు మీసం అతికించారు.

పనిచేసేవాళ్ల డీఎన్‌ఏ పరీక్షల్లో కలిసిపోతే పట్టుకోవడానికి ఆఫీసులో అందరి డీఎన్‌ఏ వివరాలూ దాచి ఉంచుతారు. ఎముకలమ్మ ఒక్కొక్కరితో పోల్చి చూసింది. డైరెక్టరు గారి దగ్గర ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. ఎముకపొడితో ఫోటో దిగడానికి ఆయన వచ్చారు. మొహం కనబడాలని మాస్కు గడ్డం కిందికి లాక్కున్నారు. పొడి మీదికి వంగి, తుంపర్లు పడేలా ఉపన్యాసం ఇచ్చారు. మాస్కు పైకి లాక్కోమని చెప్పాల్సింది తనే. ఉద్యోగం పొడిగింపు ఆయన చేతిలో ఉందని నోరు మూసుకుంది.

చెప్పేద్దామని పరుగున వెళ్లింది. గది నిండా విలేకర్లు. చెవిలో చెప్పబోతే ఆయన ఒప్పుకోలేదు.

"దాపరికం దేనికమ్మా? అందరి ముందూ చెప్పు."

"సర్... ఆ డీఎన్‌ఏ మీతో పూర్తిగా కలిసింది."

ఆయన లేచి నిలబడ్డారు. కళ్లు చెమర్చాయి. "నాకు ముందే అనిపించింది. ఆ పుర్రె నుదురు చూడండి, అచ్చం మా తాతగారిదే! వాడు మావాడే!"

కెమెరాలు తళుక్కుమన్నాయి. విలేకర్లు వెళ్లాక ఎముకలమ్మ తలుపు వేసి, తుంపర్ల సంగతి మొత్తం చెప్పింది. డైరెక్టరు గారు తెల్లబోయారు. అసలే తెల్లటి మనిషి.

ఆయన నోరు తెరిచేలోగా, టీవీలో వార్త చూసిన పురావస్తు అధికారి నుంచి ఫోను వచ్చింది. తవ్వకాల్లో దొరికినవారికి రక్తసంబంధీకులు బయటపడితే ఎముకలన్నీ వారికే అప్పగించి పూడ్చిపెట్టించాలని నిబంధన. రేపే ముహూర్తం అన్నంత హడావిడిగా చెప్పాడు.

"పళ్లు మిగిలున్నాయి సర్," అంది ఎముకలమ్మ. "ఒక్క పన్ను ఇవ్వండి. ఆవిడెవరో, ఏ రంగో తెలిసిపోతుంది."

"నేనేంటో కూడా తెలిసిపోతుంది. పూడ్చేద్దాం. నీ పొడిగింపు సంగతి గుర్తుంది కదా?"

మర్నాడు శ్మశానంలో సన్నగా చినుకులు. డైరెక్టరు గారు నల్లకోటులో, దుఃఖంగా, కెమెరాలకు ఎదురుగా నిలబడ్డారు. పెట్టెలో ఎముకలు సర్దింది ఎముకలమ్మే. ఎడమ ముంజేతి ఎముక విరిగి మళ్లీ అతుక్కున్న గుర్తు ఆమె వేలికి తగిలింది. ఎవరో కట్టు కట్టారు. నొప్పి తగ్గేదాకా ఎవరో తిండి పెట్టారు. ఆ మనిషిని ఇప్పుడు మీసం పెట్టి, తెల్లరంగు పూసి, పరాయివాడి తాతను చేసి గోతిలోకి దించుతున్నారు. మట్టి పడుతుంటే ఎముకలమ్మ చూస్తూ నిలబడింది. ఆఖరి పార మట్టి పడ్డాక ఇక ఆగలేకపోయింది.

"అది ఆయన తాత కాదు!" అని అరిచింది. "అది ఆడపిల్ల! మనం చూసింది ఆయన ఉమ్మిని!"

అందరూ తిరిగి చూశారు. డైరెక్టరు గారు ఆమె ఉద్యోగం అక్కడికక్కడే పీకేసి, గబగబా గేటు వైపు నడిచారు. అధికారి మాత్రం గొడుగు పట్టుకుని ఓపిగ్గా అంతా విన్నాడు. నమ్మాడు కూడా. ఎముకలమ్మకు ప్రాణం లేచి వచ్చింది.

"అయితే మళ్లీ తవ్వి తీయించండి!"

"తప్పకుండానమ్మా," అన్నాడాయన. "దగ్గరి బంధువు వచ్చి అడిగితే చాలు."

దగ్గరి బంధువు అప్పటికే కారెక్కి వెళ్లిపోయాడు.